కోచ్ వెళ్లిపోయాడు, లెక్క మాత్రం తేలలేదు



1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన అమెరికా ఆదివాసీ జిమ్ థోర్ప్ పేరు మనలో చాలామందికి తెలుసు. ఆయన ఆడిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో 1914లో పెద్ద గొడవ జరిగింది. పతకాల కథ కంటే ఆ గొడవే మనకు ఎక్కువ పనికొస్తుందని మేము అనుకుంటున్నాం.

పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్‌ని 1879లో పాత సైనిక బ్యారక్‌లలో పెట్టారు. ఎన్నో తెగల పిల్లల్ని ఇళ్లకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వని ప్రభుత్వ హాస్టల్ బడి అది. పేరుకు బడే అయినా, బంతి చేత్తో పట్టుకుని దూసుకెళ్లే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద కాలేజీలతోనే తలపడేది. 1911లో హార్వర్డ్‌ని 18-15తో, 1912లో ఆర్మీ జట్టుని 27-6తో ఓడించింది.

కోచ్ పాప్ వార్నర్. ఆట తెలిసినవాడే, కాదనం. 1899లో వచ్చాడు, 1903 సీజన్ అయ్యాక కార్నెల్‌కి పోయాడు, 1907లో తిరిగొచ్చాడు. మధ్యలో 1904లో ఎడ్ రోజర్స్, 1906లో బెమస్ పియర్స్ కోచ్‌లుగా చేశారు. ఇద్దరూ ఆ జట్టులోనే ఆడి పైకొచ్చిన ఆదివాసీలు. వాళ్ల చేతుల్లోనూ జట్టు ఓడినవాటి కంటే గెలిచిన ఆటలే ఎక్కువ. అంటే మనోళ్లు నడపలేరన్న మాట అప్పుడే అబద్ధమని తేలింది.

1913లో థోర్ప్ పతకాలు వెనక్కి తీసుకున్నారు. అంతకుముందు డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్నది కారణం. కోచ్, సూపరింటెండెంట్ ఇద్దరూ "మాకేం తెలియదు" అన్నారు. నింద మొత్తం ఆటగాడి మీదే పడింది.

తర్వాతి ఏడాది పిల్లలే లేచారు. క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ ముందు నిలిచాడు. బడి పరిస్థితుల మీద 200 మందికి పైగా విద్యార్థులు అర్జీ మీద సంతకాలు చేశారు. అమెరికా కాంగ్రెస్ సంయుక్త కమిషన్ బడికే వచ్చి విచారించింది. కోచ్ బూతులు తిడతాడని, చేయి చేసుకుంటాడని, టిక్కెట్లు అమ్ముకుంటాడని ఆటగాళ్లు వాంగ్మూలం ఇచ్చారు. ఆటల నిధి ఎటు పోతోందన్న ప్రశ్న కూడా లేచింది.

ఏమైంది మరి? సూపరింటెండెంట్ ఉద్యోగం పోయింది. వార్నర్ ఆ సీజన్ పూర్తిచేసి పిట్స్‌బర్గ్‌కి వెళ్లాడు. అక్కడ 1915, 1916లలో ఒక్క ఆటా ఓడలేదు. కార్లైల్ 1918లో మూతపడింది. థోర్ప్ 1953లో చనిపోయాడు. ఆయన్ని ఆ పోటీల ఏకైక విజేతగా మళ్లీ ఒప్పుకున్నది 2022లో.

"గెలిపిస్తున్నాడు కదా, నాలుగు తిట్లు పడితే ఏం పోతుంది" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఫిర్యాదు చేసింది ఎవరో చేతకానివాళ్లు కాదు, హార్వర్డ్‌ని, ఆర్మీని ఓడించిన జట్టువాళ్లే. గెలిచింది వాళ్ల కాళ్లు, వాళ్ల ఊపిరి. అలాగని కోచ్‌ని మారిస్తే పని అయిపోయిందనుకోవడమూ తప్పే. మనిషి ఇంకోచోటికి పోతాడు, పద్ధతి అక్కడే ఉంటుంది.

అందుకే మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, కాలేజీ హాస్టళ్లలో నాలుగు సంగతులు అడుగుదాం. కిట్లకు, తిండికి, ప్రయాణాలకు వచ్చిన డబ్బు లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి. కోచ్ మీద ఫిర్యాదు ఆ కోచ్ చేతుల మీదుగానో వార్డెన్ చేతుల మీదుగానో పోకూడదు. కోచ్ మధ్యలో వెళ్లిపోతే ఎందుకో పిల్లలకు చెప్పాలి. ఆడి బయటికొచ్చిన మన అక్కలూ అన్నలూ పటియాలా ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేసేలా ఐటీడీఏలు సాయం చేయాలి.

గస్ వెల్చ్ తర్వాత తనే కోచ్ అయ్యాడు. 1919 నుంచి 1922 దాకా వాషింగ్టన్ స్టేట్ కాలేజీ జట్టుని, 1930లలో హాస్కెల్ ఆదివాసీ విద్యార్థుల జట్టుని నడిపాడు. సంతకం పెట్టిన చెయ్యే తర్వాత విజిల్ పట్టింది. మన దగ్గరా అలాంటి చేతులున్నాయి. మీ హాస్టల్లో ఆటల డబ్బు లెక్క ఎవరి దగ్గరుందో ఈ వారమే నలుగురు కలిసి వెళ్లి అడగండి. ఒక్కరే వెళ్లొద్దు.