నాన్నగారికీ ఓ కప్పు

ఎండలు ముదిరాయంటే చాలు, నున్న మార్కెట్‌ నుంచి నాన్నగారు స్కూటరు మీద నూజివీడు చిన్న రసాలు తెచ్చేవారు. వాటితో అమ్మ మామిడిపండు పాయసం చేసేది. ఆయనకు షుగరు వచ్చాక, మేమంతా తింటుంటే వరండాలోకి వెళ్లి పేపరు పట్టుకునేవారు. అది చూడలేక అమ్మ పాయసం వండటమే మానేసింది.

మొదట పంచదారకు బదులు బెల్లం వేసి చూశాం. అది మా పొరపాటే. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. పైగా అందులో బియ్యం ఉండనే ఉంది.

ఇప్పుడు పంచదార, బెల్లం, బియ్యం ఏవీ వేయడంలేదు. అరలీటరు పాలను చిక్కబడేదాకా మరిగించి, పూర్తిగా చల్లార్చాలి. వేడి పాలలో పండు వేస్తే విరిగిపోతాయి. బాగా మగ్గిన రెండు చిన్న రసాల గుజ్జు, యాలకుల పొడి, బాదం పలుకులు కలిపితే నాలుగు చిన్న కప్పులవుతుంది. గుజ్జును వడకట్టకండి, పీచు పోతుంది.

తీపి కలపలేదు కదా అని ఎంతైనా తినకూడదు. 100 గ్రాముల మామిడిపండులోనే సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది, పాలలో ఉండేది వేరే. అందుకే పాయసం తినే పూట నాన్నగారికి అన్నం తగ్గిస్తాం. మీ ఇంట్లో మందులు, ఇన్సులిన్‌ వాడేవారుంటే ముందుగా డాక్టరుగారిని అడగండి.

ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఇదే పాయసం. నాన్నగారు మా పక్కనే కూర్చుని తింటున్నారు. రెండో కప్పు అడిగితే మాత్రం అమ్మ గిన్నె మీద మూత పెట్టేస్తుంది!