గేర్‌బాక్స్ విప్పే ముందు

రాయలసీమ గడ్డ మీదే, శ్రీసిటీలో, 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. వాటిలో వీ-క్రాస్‌కు 2019లో ఆరు గేర్ల ఆటోమేటిక్ కూడా వచ్చింది. ఇప్పుడా బండ్లకు వయసు మీదపడుతోంది. క్లచ్ బండ్లకు అలవాటుపడిన కర్నూలు, కడప షెడ్లలో మాత్రం చాలాచోట్ల పాత మాటే: గేరు జర్క్ ఇస్తోందా, బాక్స్ దించేద్దాం!

ఇది వట్టి తొందరపాటు. గేరు ఆలస్యంగా పడటం, ఇంజిన్ రొద పెరిగినా బండి లాగకపోవడం వేర్వేరు జబ్బులు కావచ్చు. ఒకే గేరులో ఇరుక్కుపోయిందంటే, పెద్ద నష్టం జరగకుండా కంప్యూటరే దాన్ని అక్కడ కట్టేసి ఉండొచ్చు. కాబట్టి మొదట స్కానర్ పెట్టి కోడ్‌లు చదవాలి. బ్యాటరీ వోల్టేజీ, వైరింగ్ చూడాలి.

తర్వాత ఆయిల్. మే నెల ఎండలో, నిండు లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కే బండిలో గేర్లు మార్చే ఒత్తిడిని అందించేది, లోపలి వేడిని మోసుకుపోయేది ఆ ఆయిలే. అది నల్లబడి మాడు వాసన కొడితే లోపలి క్లచ్ ప్లేట్లను అనుమానించాలి. కొలత కూడా కంపెనీ చెప్పిన వేడి దగ్గరే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు తక్కువగా కనబడుతుంది. చేతికందిన డబ్బా పోసేయడం అన్నిటికంటే చేటు.

కోడ్ ఏమొచ్చింది, ఆయిల్ ఏ రంగులో ఉంది? ఈ రెండిటికీ జవాబు చెప్పలేని షెడ్డులో యజమాని బాక్స్ విప్పనివ్వకూడదు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ పని నేర్చుకునే కుర్రాళ్ల చేతికి స్కానర్ అందించే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.