కారు దించారు సరే.. కాంబర్ సంగతేంటి?

జూలూరుపాడులో మా పెద్దమ్మ కొడుకు దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ ఉంది. రీల్స్ చూసి చూసి, ఆన్‌లైన్‌లో లోయరింగ్ స్ప్రింగ్స్ ఆర్డర్ పెట్టి బండిని 40 మి.మీ. కిందికి దించాడు. లుక్ అదిరింది, కాదనను. నాలుగు నెలలు తిరగకుండానే, వాన కురుస్తున్న ఒక సాయంత్రం పెద్దమ్మని కొత్తగూడెం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ముందు ఎడమ టైరు పగిలింది. వెనకే బొగ్గు లారీ. అదృష్టం బాగుండి స్పీడు తక్కువ, ఎవరికీ ఏమీ కాలేదు.

"కొత్త టైర్లే కదరా, ఎట్లా పగిలింది?" అని పెద్దమ్మ అడిగింది. నిజమే, బయటి నుంచి చూస్తే టైరు కొత్తదిలాగే ఉంది. విప్పి తిప్పి చూస్తే లోపలి అంచున రబ్బరు లేదు, తీగలు బయటపడ్డాయి.

తర్వాత డ్యాష్‌బోర్డు తెరిస్తే వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు దొరికింది. ఎడమ కాంబర్ మైనస్ 2.1, కుడి మైనస్ 1.8. రెండూ ఎర్ర అంకెల్లోనే. ఆ షాపు కుర్రాడు అప్పుడే చెప్పాడట: "అన్నా, టో పెట్టిన. కాంబర్ మాత్రం మా చేతిల లేదు, దీనికి అడ్జస్ట్‌మెంటే ఉండదు." మనవాడు ఆ కాగితం మడిచి లోపల పెట్టేశాడు. ఫోన్ కొనేముందు బెంచ్‌మార్క్ స్కోర్లన్నీ పోల్చి చూసే మనమే, ప్రాణం మోసే బండి స్కోరు కార్డు చదవం.

అందుకే నా మాట సూటిగా చెప్తా. అలైన్‌మెంట్ పార్టులకు డబ్బు లేకపోతే స్ప్రింగ్స్ కూడా కొనకండి. ఆ రెండూ కలిపి ఒకే ఖర్చు.

బండి దిగితే లోపల ఏం జరుగుతుంది?

స్విఫ్ట్ లాంటి కార్లలో ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. బండి దిగగానే కింది ఆర్మ్ కోణం మారి, చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ఇదే నెగటివ్ కాంబర్. దాంతోపాటు టై రాడ్ కోణం కూడా మారి, చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరుగుతాయి. అది టో.

చాలామంది కాంబర్‌నే తిడతారు కానీ టైరుని తినేసేది ముఖ్యంగా టో. ఒక చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, ప్రతి కిలోమీటరుకు దాదాపు 9 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు లెక్క. 100 కిలోమీటర్లకు 870 మీటర్లు! చక్రం లోపలికి వాలి కూడా ఉంటే ఆ రాపిడి ఎక్కువగా లోపలి అంచు మీదే పడుతుంది. మావాడి టైరు కథ ఇదే. షాపులో టో సెట్ చేసిన తర్వాత స్ప్రింగులు ఇంకాస్త కుంగాయి, గుంతలు తగిలాయి, మళ్లీ ఎవరూ కొలవలేదు.

ఏ పార్టు తీసుకోవాలి?

కాంబర్ బోల్ట్: నా ఓటు దీనికే. స్ట్రట్‌ని నకిల్‌కి బిగించే రెండు బోల్టుల్లో ఒకదాని స్థానంలో వస్తుంది. మధ్యలో గుడ్డు ఆకారపు ఉబ్బు ఉంటుంది కాబట్టి, తిప్పితే నకిల్ కొద్దిగా జరుగుతుంది. సుమారు ఒకటిన్నర డిగ్రీ వరకు సరిచేయొచ్చు. మీ బండి బోల్టు సైజుకి సరిపోయేదే కొనండి, టార్క్ రెంచ్‌తోనే బిగించండి. గట్టిగా గుంతలో పడితే జారే అవకాశం ఉంది. అందుకే బిగించాక పెయింట్‌తో ఒక గీత గీసుకోండి, 500 కిలోమీటర్లు తిరిగాక చూడండి. గీత కదిలితే బోల్టు కదిలినట్టే.

కాంబర్ ప్లేట్: స్ట్రట్ పైన రబ్బరు మౌంట్ తీసి పెట్టేది. ఇనుప బేరింగ్ ఉన్న రకం ట్రాక్ మీద బాగుంటుంది. మన ఎర్రమట్టి, వాన, బొగ్గు దుమ్ములో కొన్నాళ్లకే టకటకమంటుంది. రోజూ తిరిగే బండికి వద్దు.

వెనక చక్రాలు: స్విఫ్ట్‌కి వెనక టార్షన్ బీమ్. దానికి తిప్పే నట్టు ఏదీ ఉండదు. కోణం తేడా ఉంటే ఇరుసుకీ బీమ్‌కీ మధ్య షిమ్ పెట్టడమే దారి.

బిగించే వరుస కూడా ముఖ్యం. ముందు బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, బుష్‌లలో ఆట ఉందేమో చూడాలి. ఉంటే మార్చాలి, లేకపోతే ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు. పార్టులు పెట్టాక టో సుమారుగా సరిచేసి కొన్ని రోజులు మెల్లగా తిప్పండి, స్ప్రింగులు కుంగనివ్వండి. ఆ తర్వాతే ఫైనల్ అలైన్‌మెంట్. అందులో ముందు కాంబర్, ఆఖర్న టో. కాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది కాబట్టి తిరగేస్తే పని వృథా.

ఇంట్లో చెక్ చేయడానికి మీ ఫోన్ చాలు. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, రిమ్ పై అంచుకీ కింది అంచుకీ ఆనేలా ఒక తిన్నని ఇనుప స్కేలు నిలబెట్టి, దానికి ఫోన్ ఆనించి లెవెల్ యాప్ చూడండి. నేల వాలుని కూడా కొలిచి తీసేయండి. ఇది షాపు మెషిన్‌కి బదులు కాదు, కానీ తేడా అర డిగ్రీ దాటితే పట్టిస్తుంది.

అసలు దించాలా?

స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. అందులో 40 తీస్తే మిగిలేది 123. ఐదుగురు ఎక్కితే ఇంకా తక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. స్విఫ్ట్ వీల్‌బేస్ 2.45 మీటర్లే కాబట్టి అలాంటిదైతే దించిన బండి కూడా దాటేస్తుంది. మన ఊళ్ల ముందు అడ్డంగా పోసిన కాంక్రీటు దిమ్మలకు ఆ లెక్కలేవీ తెలియవు.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. అదే ఏడాది సవరణతో అలాంటి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. కాంబర్ సరిచేసినంత మాత్రాన దించిన బండి చట్టం ముందు పాత బండి అయిపోదు. మార్పులు చేసేముందు ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి.

మావాడు చివరికి ఏం చేశాడంటే, పాత స్ప్రింగ్స్ మళ్లీ పెట్టించాడు. రెండు కొత్త టైర్లు కొన్నాడు. లోయరింగ్ స్ప్రింగ్స్‌కి పెట్టిన డబ్బు, టైర్ల డబ్బు కలిపితే ఒక మంచి మిడ్ రేంజ్ ఫోన్ వచ్చేది. నాకు గుర్తుండేది మాత్రం ఆ డబ్బు కాదు, పెద్దమ్మ అడిగిన ప్రశ్న. మీ బండి కూడా దించి ఉంటే ఈ రోజే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూడండి.