సన్నాయి వినువారెవరు?

వైశాఖమాసము వచ్చినదంటే అన్నవరము రత్నగిరిపై పెళ్లిబృందములకు లెక్కయుండదు. సత్యదేవుని సన్నిధిలో ముహూర్తము సమీపించినంతనే పురోహితుడు చేయెత్తి "గట్టిమేళం" అనును. డోలు, సన్నాయి ఒక్కసారిగా చెలరేగును. మాంగల్యధారణవేళ అశుభధ్వని ఏదియు చెవిని బడరాదని పెద్దలు పెట్టిన ఆచారమది, ఆచారము మంచిదే. కాని దానివలన ఒక వింత జరిగినది. ఇతర శబ్దములను కప్పివేయు మూతగా సంగీతమును వాడుట అలవాటైపోయినది. అంతకు ముందు అరగంటసేపు ఆ సన్నాయి విద్వాంసుడు ఏ రాగము ఆలపించినాడో పందిటిలో చెప్పగలవారు అరుదు. అతని పేరు సరేసరి. పప్పులో ఉప్పు తక్కువైన సంగతి మాత్రము అందరికీ తెలియును.

నిజమునకు వాద్యములలో ఇంత కఠినమైనది మరియొకటి లేదనవచ్చును. క్లారినెట్టుకు మీటలున్నవి, సన్నాయికి అవి లేవు. రంధ్రమును సగము మూసి, ఊపిరి బిగువు మార్చి, పీకపై పెదవి ఒత్తిడి సవరించి, ఒక్కొక్క గమకమును పుట్టించవలెను. ఇదంతయు ఎండలో ఊరేగింపు వెంట నడచుచు, బాణసంచా మ్రోతల నడుమ! వీణకు గాని ఫిడేలుకు గాని ఈ పరీక్ష లేదు.

ఈ వాద్యమును మహాసభలకు ఎక్కించిన తెలుగువాడు షేక్ చినమౌలానా సాహెబు. ఒంగోలు సమీపమున కరవది గ్రామములో 1924లో జన్మించినారు. తరతరములుగా నాదస్వరమే వృత్తిగా గల ముస్లిము కుటుంబము వారిది. నమాజు చేసిన వారే త్యాగరాజస్వామి రామకీర్తనలను నాదస్వరమున పలికించినారు. అందులో విడ్డూరమేదియు ఆ ఇంటివారికి తోచలేదు. విడ్డూరపడుట తరువాతి తరమువారి పని. తండ్రి వద్ద అభ్యాసము మొదలుపెట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద నేర్చి, అంతటితో తృప్తిపడక తంజావూరు బాణీ పట్టుబడవలెనని నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకన్ను పిళ్లెల శిష్యరికము చేసినారు. చివరకు శ్రీరంగములో స్థిరపడి, అచ్చటనే శారదా నాదస్వర సంగీతాశ్రమము నెలకొల్పి శిష్యులను తయారుచేసినారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదము లభించినవి. మరుసటి యేడు, 1999లో, శ్రీరంగములోనే కన్నుమూసినారు.

తెలుగువారు వారిని గౌరవింపలేదనుట న్యాయము కాదు. శాలువలకు కొదువలేదు. అయితే శాలువ వేరు, వినికిడి వేరు. కావేరితీరమున గుడి ఉత్సవములలో రాత్రి ప్రొద్దుపోవువరకు నిలుచుండి రాగాలాపన వినెడి జనము ఉన్నారు. విద్వాంసుని నిలబెట్టునది ఆ జనమే.

ఈ కథ తెలుగునేలకే ప్రత్యేకము కాదు. సన్నాయికి దూరపు బంధువైన క్లారినెట్టునే చూడవచ్చును. తెల్లవారి సైనిక బ్యాండ్ల నుండి మన పెళ్లి బ్యాండుమేళములోనికి దిగివచ్చిన ఆ వాద్యము, అమెరికాలోని న్యూ ఆర్లియన్సు పట్టణపు వీధులలో జాజ్ అను కొత్త సంగీతమునకు ప్రాణము పోసినది. ఆ పట్టణమున 1897లో పుట్టిన సిడ్నీ బెషే అను నల్లజాతి బాలుడు స్వరలిపి చదువుట నేర్వకయే, చెవితో విని, ఊరేగింపులలోను విందులలోను వాయించుచు పెరిగినాడు. 1919లో లండనులో అతని వాద్యము విన్న స్విట్జర్లాండు సంగీతనిర్వాహకుడు ఎర్నెస్ట్ ఆన్సర్మే, ఇతడు మహాప్రతిభాశాలి అని పత్రికాముఖమున వ్రాసినాడు. స్వదేశమునకు అది వినబడలేదు కాబోలు, 1930వ దశకములో అదే మనిషి న్యూయార్కులో దర్జీదుకాణము నడుపుకొనవలసి వచ్చినది! తుదకు ఫ్రాన్సు అతనిని అక్కున చేర్చుకొన్నది. 1959లో అచ్చటనే మరణించినాడు.

కరవది విద్వాంసుడు గురువును వెదకుచు పోయినాడు, బెషే బ్రతుకుతెరువు వెదకుచు పోయినాడు; రెండును ఒకటి కావు. అయినను ఊరేగింపులో వాయించువాని వాద్యమును ఊరేగింపుగానే వినెడి చెవి రెండు ఊళ్లలోను ఉన్నది.

ఆ చెవిని మార్చగలిగినది బడి. సంగీతమనగా ప్రార్థనాగీతము, వార్షికోత్సవమున పాట, అంతటితో సరి అనుకొను పాఠశాలలే ఎక్కువ. సమీపమున ఉన్న గుడి సన్నాయి విద్వాంసుని ఒకనాడు తరగతికి పిలిచి, పీక ఎట్లు కట్టునో, శ్రుతి ఎట్లు పట్టునో, మోహన నుండి కల్యాణికి తేడా ఏమో పిల్లలకు చూపించుటకు ఎంత ఖర్చు? ఒక పూట దక్షిణ, ఒక గంట కాలము. సినిమా పాట వాయించుమని అతనిని పెళ్లిలో వేధించువారు ఆ పిల్లలు పెరిగిన తరువాత కొందరైనను తగ్గుదురు. తన కుమారునికి వాద్యము నేర్పుటయా, పట్టణమున ఉద్యోగమునకు పంపుటయా అను ప్రశ్న నేడు ప్రతి మేళము ఇంటిలోను ఉన్నది. దానికి జవాబు చెప్పునది ఆ విద్వాంసుడొక్కడే కాదు.

చినమౌలానా సాహెబు శిష్యదంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ లభించినది. తెలుగునేలపై పుట్టి, గురువు వెంట శ్రీరంగము చేరినవారు. ప్రభుత్వ ప్రకటనలో వారి పేర్లకెదురుగా ఉన్న రాష్ట్రము తమిళనాడు.