గొట్టము ధర కూడ రైతుకు తెలియవలెను

తెలుగు నాట బోరుబావినే నమ్ముకొని సేద్యము చేయు రైతులు లక్షలకొలది ఉన్నారు. బోరులో దించు కేసింగు మొదలు, మోటారు నుండి పొలము గట్టుకు నీరు చేర్చు గొట్టము వరకు నేడు ఎక్కువగా వాడుకలో నున్నది పి.వి.సి. అను ప్లాస్టిక్కే. వెనుకటి ఇనుప గొట్టములు, సిమెంటు తూములు చాలవరకు మూలబడినవి. విత్తనము ధర, ఎరువు ధర రైతు నలుగురిని అడిగి తెలిసికొనును. గొట్టము విషయములో మాత్రము దుకాణదారు చెప్పినదే ధర. ఈ స్థితి మారవలెను. గొట్టము ధర ఎక్కడ పుట్టుచున్నదో తెలిసినగాని అది మారదు.

దిగుమతి ఎందుకు పెరిగినది?

గొట్టమునకు ముడిసరకు పి.వి.సి. రెజిన్ అను తెల్లని పొడి. దీని బరువులో సగమునకు మించిన భాగము ఉప్పు నుండి తీసిన క్లోరిన్. మిగిలినది చమురు లేక సహజవాయువు నుండి వచ్చు ఇథిలీన్. చైనాలో మాత్రము దీనిని ఎక్కువగా బొగ్గు, సున్నపురాయిల నుండి కార్బైడు ద్వారా చేయుదురు. ఏ పద్ధతికైనను విద్యుచ్ఛక్తి విరివిగా కావలెను, పెట్టుబడి పెద్దది.

మన దేశములో గుజరాత్, మహారాష్ట్ర, తమిళనాడు, రాజస్థాన్ రాష్ట్రములలో రెజిన్ కర్మాగారములు కలవు. వీటన్నిటి శక్తి ఏటా సుమారు 15 లక్షల టన్నులు. దేశపు వాడకమో 40 లక్షల టన్నులు దాటినది. ఈ వాడకములో సుమారు 70 శాతము గొట్టములకే పోవుచున్నది. ఈ శతాబ్దారంభమున స్వదేశపు ఉత్పత్తి దాదాపు సరిపోయెడిది. తరువాత గొట్టముల వాడకము ఏటేటా పెరిగినది. కర్మాగారములు ఆ వేగమున పెరుగలేదు. ఫలితముగా ప్రపంచములో పి.వి.సి. రెజిన్‌ను అందరికంటె ఎక్కువగా దిగుమతి చేసికొను దేశము మనదే అయినది. చైనా, జపాన్, తైవాన్, కొరియా, అమెరికాల నుండి ఓడలలో ఈ పొడి వచ్చుచున్నది. పైగా మన కర్మాగారములలో కొన్ని రెజిన్‌కు కావలసిన మధ్య పదార్థములను కూడ విదేశముల నుండియే తెప్పించుకొనుచున్నవి.

ధరల ఆటుపోట్లు

సగమునకు మించిన సరకు బయటినుండి వచ్చునప్పుడు ధరను నిర్ణయించునది కూడ బయటి బజారే. గడచిన కొన్ని సంవత్సరముల అనుభవము చూడుడు. 2020 వేసవిలో కరోనా వలన పనులు నిలిచి, మన రేవునకు చేరు రెజిన్ టన్ను ధర 700 డాలర్లకంటె తక్కువకు పడినది. ఆ ఆగస్టులో అమెరికాలోని లూసియానా తీరమున తుపాను వచ్చినది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుతుపాను వచ్చి అక్కడి కర్మాగారములు మూతపడినవి. అదే సంవత్సరము చివర చైనాలో విద్యుత్తు కొరత వలన కార్బైడు ఉత్పత్తిని కట్టడి చేసిరి. ఓడ కిరాయిలు కూడ మండిపోయినవి. ఇన్నియు కలిసి 2021 చివరకు టన్ను ధర 1,700 డాలర్లు దాటినది. మరుసటి ఏడు చైనాలో ఇండ్ల నిర్మాణము మందగించి, వాడకము తగ్గి, మిగులు సరకు మన రేవులకు మళ్లినది. 2022 చివరకు ధర 800 డాలర్ల దగ్గరకు దిగినది. 2025లో 700 డాలర్ల చుట్టుప్రక్కల నడచినది.

టెక్సాస్‌లో మంచు కురిసిన అనంతపురము రైతు గొట్టమునకు ఎక్కువ చెల్లించెను! ఒక రైతు 200 కిలోల బరువుగల గొట్టములు కొనవలసియున్నదనుకొందము. రెజిన్ కిలోకు 60 రూపాయలు పెరిగినచో అతనిపై పడు అదనపు భారము సుమారు 12,000 రూపాయలు. పంట ధర మాత్రము అందుకు తగినట్లు పెరుగదు.

రూపాయి విలువ కూడ ఇందులో చేరును. 2021లో డాలరుకు సుమారు 74 రూపాయలు. 2025లో 85 దాటినది. టన్ను 700 డాలర్లే అనుకొన్నను, మొదటి లెక్కన 51,800 రూపాయలు, 86 రూపాయల లెక్కన 60,200 రూపాయలు. అనగా విదేశములో ధర పెరుగకున్నను మనకు కిలోకు 8 రూపాయలు పెరిగినట్లే.

సుంకము ఎవరి మేలునకు?

రెజిన్‌పై దిగుమతి సుంకమును 2019లో 7.5 శాతము నుండి 10 శాతమునకు పెంచిరి. ధరలు మండుచున్నందున 2022 మే నెలలో తిరిగి 7.5 శాతమునకు తగ్గించిరి. విదేశీ సరకు చౌకగా వచ్చి స్వదేశపు కర్మాగారములను దెబ్బతీయుచున్నదని ఫిర్యాదు రాగా, కేంద్ర వాణిజ్యశాఖ విచారణ జరిపి, ఏడు దేశముల సరకుపై అదనపు సుంకము వేయవలెనని 2025లో సిఫారసు చేసినది. రెజిన్ తయారుచేయువారు అది కావలెననిరి. గొట్టములు చేయువారు వద్దనిరి. ఈ వాదములో రైతు మాట ఎవరును అడుగలేదు.

స్వదేశములో కర్మాగారములు పెరుగవలెననుటలో రెండవ మాట లేదు. సగము సరకునకు పరదేశము వైపు చూచు దేశము ధరల విషయములో ఎన్నడును నిశ్చింతగా ఉండజాలదు. కాని ఆ కర్మాగారములను పెంచుటకగు ఖర్చును గొట్టము కొను రైతు ఒక్కడే మోయుట న్యాయము కాదు. వాటికి చౌక విద్యుత్తు, అప్పు, రేవు సౌకర్యములు ఇచ్చి ప్రోత్సహించవచ్చును. సుంకమే తప్పనిసరియైనచో, ఆ మేరకు సేద్యపు గొట్టములకు రాయితీ పెంచవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి డ్రిప్పు, తుంపర పరికరములపై జి.ఎస్.టి.ని 12 నుండి 5 శాతమునకు తగ్గించిరి. ఇది మెచ్చదగిన పని. కాని అదే పొలమునకు నీరు తెచ్చు సాధారణ పి.వి.సి. గొట్టముపై 18 శాతము అట్లే ఉంచిరి. వ్యాపారి తాను కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకొనును. రైతుకు ఆ వీలు లేదు.

రాయితీ లెక్క

2003లో సూక్ష్మసేద్య పథకమును ప్రారంభించి తెలుగు నాడు దేశమునకు దారి చూపినది. కేంద్ర పథకము క్రింద చిన్న, సన్నకారు రైతులకు 55 శాతము, ఇతరులకు 45 శాతము సహాయము కలదు. రాష్ట్రములు దానికి మరికొంత చేర్చుచున్నవి. అయితే ఈ శాతము లెక్కకట్టునది ముందుగా నిర్ణయించిన యూనిట్ ఖర్చుపైన, బజారు ధరపైన కాదు. రెజిన్ ధర ఒక్క ఏడాదిలో రెట్టింపైనప్పుడు పాత లెక్కనే పట్టుకొని కూర్చున్నచో, తేడాను రైతు భరించవలెను, లేదా సరఫరాదారు సరకులో కోత పెట్టును. ధర పడిపోయినప్పుడు పాత లెక్కనే ఉంచిన ప్రభుత్వ ధనము వృథా. కావున యూనిట్ ఖర్చును మూడు నెలలకొకసారి రెజిన్ ధరతో సరిచూచి మార్చవలెను. పెద్ద కాంట్రాక్టులలో సిమెంటునకు, ఇనుమునకు ధర సవరించు షరతు ఉన్నప్పుడు సేద్యమునకు ఏల ఉండరాదు?

నాసిరకము పట్ల జాగ్రత్త

ధర పెరిగినప్పుడు మరియొక ప్రమాదము కలదు. కొందరు తయారీదారులు రెజిన్ తగ్గించి సుద్దపొడి, అనగా కాల్షియం కార్బొనేట్, మితిమీరి కలుపుదురు. అట్టి గొట్టము చూపునకు బాగుండును, పెళుసుగా ఉండి ఒత్తిడికి పగులును. సుద్దపొడి రెజిన్‌కంటె బరువు. కాబట్టి “గొట్టము బరువుగా ఉన్నది, గట్టిదే” అనుకొను రైతు మోసపోవును.

భారత ప్రమాణము ఐ.ఎస్. 4985 ప్రకారము గొట్టపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.40 నుండి 1.46 గ్రాముల లోపల ఉండవలెను. దీనిని ఇంటివద్దనే సుమారుగా చూడవచ్చును. చిన్న గొట్టపు ముక్కను త్రాసుపై తూచుడు. కొలగీతలుగల పాత్రలో నీరు పోసి, ముక్కను పూర్తిగా ముంచి, నీరు ఎన్ని మిల్లీలీటర్లు పైకి లేచినదో చూడుడు. బరువును ఆ అంకెతో భాగించుడు. 1.5 దాటిన ఆ సరకును అనుమానించవలెను. తుది నిర్ణయము ప్రయోగశాలదే. కాని బేరమాడుటకు ఈ మాత్రము చాలును. గొట్టముపై ఐ.ఎస్.ఐ. గుర్తు, లైసెన్సు సంఖ్య ఉన్నవో లేవో చూడుడు. ఆ సంఖ్య నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో సరిచూడవచ్చును. రసీదు తప్పక తీసికొనుడు.

రైతులు చేయదగినది

గొట్టములకు గిరాకీ ఎక్కువగా వేసవిలో ఉండును. బోరు ఎండిన తరువాత పరుగెత్తువాడు అడిగినంత ఇచ్చును. వానకాలములో గిరాకీ తగ్గును. అప్పుడు బేరమునకు వీలు కలుగును. ఊరిలో పదిమంది కలిసి, సహకార సంఘము ద్వారాగాని ఉత్పత్తిదారుల సంఘము ద్వారాగాని, ఒకేసారి కొన్నచో ధరయు తగ్గును, నాణ్యత పరీక్షయు సులభమగును. కొన్న గొట్టములను ఎండలో పడవేయక నీడలో బల్లపరుపుగా పేర్చి ఉంచవలెను.

ప్రభుత్వము చేయదగినది ఒకటి మిగిలినది. మార్కెట్ యార్డు పలకపై వేరుసెనగ ధర, మిరప ధర వ్రాయుచున్నారు. ఆ ప్రక్కనే నెలకొకసారి రెజిన్ ధర, గొట్టముల ధర వ్రాసిన ఖర్చేమియు కాదు. రెజిన్ పెరిగిన మరునాడే గొట్టము ధర పెంచు దుకాణదారును, రెజిన్ తగ్గినప్పుడు ఎందుకు తగ్గించలేదని రైతు నిలదీసి అడుగగలుగును. అమ్ముకొను పంట ధర ఎంత ముఖ్యమో, కొనుక్కొను సరకు ధర అంత ముఖ్యము.