కుర్రకారు మాటలు – పెద్దల మతిమరుపు

కుర్రవాళ్లు భాషను పాడుచేస్తున్నారన్న ఫిర్యాదు మన సాహిత్య సభల్లో తరచుగా వినిపిస్తున్నది. "తోపు", "కేక", "లైట్ తీసుకో" – యివేం మాటలు, యిదేం తెలుగు అని వేదిక మీది పెద్దలు వాపోతారు. కింద కూర్చున్న పెద్దలు తలలూపుతారు. యీ దుఃఖానికి జాలిపడవచ్చును గాని, దీన్ని భాషాభిమానమని ఒప్పుకోవడానికి వీల్లేదు. యిది మతిమరుపు.

ఆ పెద్దల మాటలే ఒక్క పూట చెవిపెట్టి వినండి. చేతిలో చిల్లిగవ్వ లేదంటారు. ఏగానీ యివ్వనంటారు. మనవరాలు పదహారణాల తెలుగుపిల్ల అని మురిసిపోతారు. గవ్వలతో బేరమాడిన కాలాన్ని వారెవరూ చూడలేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక అణాల లెక్క క్రమంగా కనుమరుగైంది. అసలు "డబ్బు" అన్నదే ఒకనాడు ఒక రాగి నాణెం పేరు. నాణేలు పోయాయి, మాటలు మిగిలాయి. సంతలో పుట్టిన యీ మాటలకు నేడు "జాతీయాలు" అని గౌరవనామం! బేడ అంటే రెండణాలని మనవడికి తెలియదు. తోపు అంటే యేమిటో తాతకు తెలియదు. తెలియనితనం యిద్దరిదీ సమానమే. నింద మాత్రం ఒక్కరికే.

1897లో అచ్చయి, 1909లో తిరగరాయబడిన కన్యాశుల్కాన్ని తలచుకోండి. గిరీశం నోటి "డామిట్", "మై డియర్" ఆనాటి ఫాషన్ మాటలు కాక మరేమిటి? గురజాడ వాటిని మెచ్చుకుని రాయలేదు. ఆ బూటకపు నాగరికతను బయటపెట్టడానికి రాశాడు. అయితే దాచిపెట్టి కాదు, ఉన్నదున్నట్టు వినిపించి బయటపెట్టాడు. 1914లో వాడుకభాష పక్షాన అసమ్మతి పత్రం సమర్పించిన మనిషి పండితుల ముఖం చూసి కలం పట్టివుంటే, ఆ తరం గొంతు మనకు చేరేదే కాదు. ఆనాటి కుర్రకారు మాట యీనాడు పరీక్షలో ప్రశ్న!

అయితే కొత్తమాట ప్రతిదీ ప్రజల మాటేనని చప్పట్లు కొట్టేవారితోనూ మనకు పేచీ వున్నది. సినిమా ప్రచారం ఒక మాటను లేపుతుంది, మరో సినిమా రాగానే దాన్ని పాతిపెడుతుంది. తెలంగాణా పల్లెల్లో ముసలమ్మలు తరతరాలుగా పలికిన "లొల్లి" తెర మీద చాలాకాలం హాస్యగాడి పాలైంది. అదే మాట హీరో నోట పలికితే కోస్తా కుర్రవాడికి కొత్త సరదా! మాట మారలేదు, పలికినవాడి అంతస్తు మారింది.

అసలు ప్రశ్న యిక్కడున్నది. మాటకు వయసు వచ్చినంత మాత్రాన మర్యాద రాదు. అది యెవరి నోట ముసలిదయిందన్నదే లెక్క. కాడి మోసే యెద్దును యెన్నడూ తోలనివాడు "కాడి పారేశాడు" అని రాస్తే జాతీయం. పొలంలోని మనిషి మరో మాటంటే నాటు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వచ్చింది; 1971లో చేనేత పదాలది వచ్చింది. ఆ కృషి అక్కడ ఆగరాదు. మగ్గం ఆగిన యింట మగ్గం మీది హాస్యమూ ఆగిపోతుంది. కూలికి పట్నం చేరిన అవ్వ మాటకు బళ్లో మనవడు సిగ్గుపడతాడు. ఎర్రసిరా ఆ సిగ్గును స్థిరపరుస్తుంది. పోతున్నది మాట ఒక్కటే కాదు, యిద్దరి మధ్య సంభాషణ.

కనుక విలాపాలు చాలించి పనిలోకి దిగుదాం. ప్రతి బళ్లోనూ పిల్లలు యింటి పెద్దల మాటలు సేకరించాలి, తమ మాటలూ పక్కనే రాయాలి. యే యేడు, యే వూరు, యే వృత్తి, పలికినవారి వయసెంత – అన్నీ నమోదు కావాలి. ఏది నిలుస్తుందో, ఏది రాలుతుందో పలికే జనమే తేలుస్తారు. ఆ తీర్పు చెప్పే అధికారం వేదిక మీది కుర్చీలకు యెవరూ యివ్వలేదు.