తల్లి చదువుకు రుణం - ఇంటి ఖర్చు మాటేమిటి?

చిన్నపిల్లల తల్లి నర్సింగు డిగ్రీ చదవదలిస్తే 4 సంవత్సరాలు వెచ్చించవలసి ఉంటుంది. కళాశాలలో ప్రవేశం లభిస్తే, భారత బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా విద్యారుణ పథకం ఆమెను కాదనదు. రుణానికి వయోపరిమితి లేదు. వివాహిత అయితే భర్తగాని, అత్తమామలుగాని సహ రుణగ్రహీతలు కావచ్చు. 4 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు.

చిక్కు మరొకచోట ఉన్నది. ఫీజులు, పుస్తకాలు, హాస్టలు ఖర్చు ఈ రుణంలో చేరుతాయి. కాని ఆమె సంపాదన ఆగిపోయిన కాలంలో ఇంట్లో బియ్యం, పిల్లలకు పాలు ఎక్కడినుండి వస్తాయి? ఆ లోటుకు అధిక వడ్డీకి అప్పు తెస్తే చదువే మధ్యలో ఆగిపోయే ప్రమాదమున్నది.

రైతు విషయంలో ఈ సత్యాన్ని బ్యాంకులు గుర్తించాయి. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకం ప్రకారం, కోత అనంతర ఖర్చులకు, గృహావసరాలకు పంట రుణ పరిమితిలో 10 శాతం అదనంగా చేరుస్తారు. పంట చేతికి వచ్చేవరకు రైతు కుటుంబం తినవలె గదా! తల్లి చదువు కూడా నాలుగేళ్ళ పంటే. దానికీ అటువంటి వాటా కల్పించడం న్యాయం. అంతవరకు, దరఖాస్తుకు ముందే కుటుంబమంతా కూర్చుని ఇంటి ఖర్చు లెక్క వేసి, ఆ భారం ఎవరు మోస్తారో తేల్చుకోవడం వివేకం.